ఇరుకు స్థలంలో బ్యాంకు బ్రాంచి: ప్లాన్ వెనక నుంచి మొదలుపెట్టండి

బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో పాత ఇల్లు తీసేసి, కొత్త బిల్డింగ్ కట్టి బ్యాంకుకి అద్దెకిద్దామని అనుకునేవాళ్లు గుంటూరులో చాలామందే ఉన్నారు. నెల తిరిగేసరికి అద్దె ఖాతాలో పడుతుంది. ఒకసారి లీజు రాసుకుంటే ఏళ్ల తరబడి కదలరు. చిక్కల్లా స్థలంతోనే. ఊరి మధ్యలో దొరికేవి 150, 160 గజాల ముక్కలు. ఎదురుగా రోడ్డు, మిగతా మూడు పక్కలా ఇళ్లు.

ఇలాంటి స్థలానికి ప్లాన్ గీయమంటే చాలామంది ముందు వైపు నుంచి మొదలుపెడతారు. అద్దాల ముఖం, మధ్యలో తలుపు, పక్కన ఏటీఎం, లోపల హాలు. అన్నీ అమరాక వెనక మిగిలిన మూలలో స్ట్రాంగ్ రూమ్, అంటే క్యాష్, లాకర్లు ఉండే గది ఇరికిస్తారు. నా సలహా దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. హాలు సంగతి తర్వాత, ముందు స్ట్రాంగ్ రూమ్ ఎక్కడో తేల్చండి. బిల్డింగ్‌లో మిగతావన్నీ రేపు జరపొచ్చు, కౌంటర్లు, కేబిన్లు, చివరికి ఏటీఎం కూడా. ఆ కాంక్రీటు గది మాత్రం పోశాక జరగదు.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక స్థలం తీసుకుందాం. 24 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, 160 గజాలు, తూర్పు ముఖం. సెట్‌బ్యాక్‌లు (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ), గోడలు పోగా లోపల 18 అడుగుల వెడల్పు, 46 అడుగుల పొడవు మిగిలాయనుకోండి. అంటే 828 చదరపు అడుగులు. మీ స్థలానికి ఎంత వదలాలన్నది రోడ్డు వెడల్పు, బిల్డింగ్ ఎత్తు బట్టి ఉంటుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ అంకె మీ లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ (ప్లాన్ గీసే లైసెన్సున్న ఇంజినీరు) నోట వినండి, పక్కింటాయన చెప్పింది పట్టుకోకండి.

గీత గీయకముందే చేయాల్సిన పని

బ్యాంకులు స్థలం కావాలని పేపర్లో ప్రకటన ఇస్తాయి. టెక్నికల్ బిడ్ (స్థలం వివరాలు), ఫైనాన్షియల్ బిడ్ (అద్దె ఎంతో) వేరువేరు కవర్లలో అడుగుతాయి. ఆ ప్రకటనతో పాటు ఉండే షరతుల కాగితం మొత్తం చదవండి. ఎంత కార్పెట్ ఏరియా (గోడలు పోగా లోపల వాడుకునే చోటు) కావాలి, కరెంటు లోడు ఎన్ని కిలోవాట్లు, డాబా మీద యాంటెన్నాకి చోటు, స్ట్రాంగ్ రూమ్ ఎవరి ఖర్చు, అన్నీ అందులోనే ఉంటాయి. ఎక్కువ బ్యాంకులు గ్రౌండ్ ఫ్లోరే కావాలంటాయి, 1,200 చదరపు అడుగులకి తగ్గవు. మన 828 ఒక్క అంతస్తులో చాలదు. కస్టమర్ ముట్టుకోని వాటిని పై అంతస్తుకి పంపితే ఒప్పుకుంటారా అని ముందే లిఖితపూర్వకంగా అడగండి. పాత రికార్డులు, భోజనాల గది, సర్వర్, యూపీఎస్, సిబ్బంది టాయిలెట్లు, ఇవి పైన ఉంటే ఎవరికీ నష్టం లేదు. మేనేజర్‌ని మాత్రం పైకి ఎక్కించకండి. హాలు ఆయన కంట పడాలి.

మంజూరు లేఖ చేతికొచ్చి, బ్యాంకు ఇంజినీరు, సెక్యూరిటీ ఆఫీసరు డ్రాయింగ్ మీద సంతకం పెట్టేదాకా స్ట్రాంగ్ రూమ్‌కి ఒక్క రాడ్డు కూడా కొనొద్దు. "వస్తామన్నారండీ" అన్న మాట మీద పోసేసిన గది, వాళ్లు రాకపోతే ఎందుకూ కొరగాదు.

స్ట్రాంగ్ రూమ్ పెట్టే చోటు

ప్రకటనల్లో మామూలుగా కనిపించే లెక్క ఇది: ఆర్‌సీసీ గోడలు అడుగు మందం, పైకప్పు అడుగు మందం, నేల ఆరంగుళాలు, గోడల్లో రెండు ముఖాలా ఆరంగుళాలకొక రాడ్డు. తలుపు, వెంటిలేటర్ బ్యాంకు ఇస్తుంది, బిగించే పని మనది. బ్యాంకు తరగతిని బట్టి ఇది మారుతుంది కాబట్టి మీకిచ్చిన కాగితమే ఆఖరి మాట.

లోపల 10 × 12 అడుగుల గది కావాలంటే బయట కొలత 12 × 14. లోపల 120 చదరపు అడుగులు, బయట 168. అంటే 48 చదరపు అడుగులు గోడల్లోనే పోయాయి. అద్దె కార్పెట్ ఏరియా మీద కడతారు కాబట్టి ఆ 48కి మీకు రూపాయి రాదు. బేరం దగ్గర ఇది గుర్తుంచుకోండి.

తూర్పు ముఖం స్థలంలో ఈ గదికి, రోడ్డు మీద నిలబడి చూస్తే, వెనక ఎడమ మూల సరిపోతుంది. రోడ్డుకి దూరం, రెండు పక్కలా సెట్‌బ్యాక్ ఖాళీ ఉంటుంది కాబట్టి పక్కింటి గోడతో గోడ కలవదు, గార్డు చుట్టూ తిరిగి చూసుకోవచ్చు. పైగా అది నైరుతి. బ్యాంకు వాస్తు అడగదు గానీ మీ ఇంట్లో అడుగుతారు. నైరుతిలో బరువు ఉండాలన్న మాటకి ఇంతకన్నా బరువైన గది ఇంకోటి దొరకదు. పడమర ముఖమో దక్షిణ ముఖమో అయితే నైరుతి రోడ్డు మీదకొస్తుంది. అప్పుడు నేనైతే వాస్తుకి నచ్చజెప్పి గదిని వెనకే పెడతాను.

గది పక్కన 18లో 12 పోగా ఆరడుగుల పట్టీ మిగులుతుంది, పొడవు 14. పైకి వెళ్లే మెట్లకి అది అతికినట్టు సరిపోతుంది. మూడేసి అడుగుల రెండు వరసలు వేసుకుని, లాండింగ్ కింద వెనక వైపు ఒక ఇనప తలుపు పెట్టండి. లోపల్నుంచి మాత్రమే తెరుచుకోవాలి, తెరిస్తే అలారం మోగాలి. అగ్నిప్రమాదంలో బయటపడే దారి అదే. సెక్యూరిటీ ఆఫీసరు ఒక్కటే తలుపు చాలంటారు, ఫైర్ వాళ్లు రెండో దారి కావాలంటారు. ఇద్దరినీ ఒకే రోజు సైట్‌కి పిలిచి తేల్చుకోవడం మేలు.

స్ట్రాంగ్ రూమ్ నెత్తిన టాయిలెట్ వద్దు, గోడలోంచి నీళ్ల పైపు వద్దు. పై అంతస్తు ప్లాన్ గీసేటప్పుడు ఈ మాట మర్చిపోయేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు బరువు లెక్క. పదడుగుల ఎత్తుకి గోడల కాంక్రీటు 480 ఘనపు అడుగులు, పైకప్పు 168. తలుపు ఖాళీ తీసేస్తే సుమారు 627 ఘనపు అడుగులు, అంటే దాదాపు 18 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు రెండున్నర టన్నులు వేసుకుంటే 44 టన్నులు. అందులోకి వచ్చే ఇనప్పెట్టెలు, లాకర్లు అదనం. ఇదంతా బిల్డింగ్‌కి ఒకే మూలన కూర్చుంటుంది. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఒక మూల 44 టన్నులు, మిగతా చోట మామూలు బరువు అంటే పునాది ఒక పక్కకి కుంగి, హాలుకీ గదికీ మధ్య గోడ పగులుతుంది. అందుకే భూమి పరీక్షకి డబ్బు చూసుకోకండి. నల్లరేగడి లోతుగా ఉంటే అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాది, మంచి దారి. తడి, ఎండలతో మట్టి కదిలే పొర దాటి సుమారు మూడున్నర మీటర్లో, ఇంకా లోతుకో దిగుతాయి కాబట్టి పైన మట్టి ఏం చేసినా వాటికి పట్టదు.

గది పునాదినీ గోడల్నీ మిగతా ఫ్రేమ్‌తో (బిల్డింగ్ స్తంభాలు, దూలాలు) కలపకుండా, మధ్యలో సన్నని ఖాళీ వదలమని స్ట్రక్చరల్ ఇంజినీరుని అడగండి. రెండు లాభాలు. 2016 నాటి భూకంప కోడ్‌లో విజయవాడ మూడో జోన్‌లో ఉంది, మనం దాని పక్కనే. బిగుసుకున్న కాంక్రీటు పెట్టె ఒక మూలన ఫ్రేమ్‌కి అతుక్కుని ఉంటే, ఊగినప్పుడు బిల్డింగ్ ఆ మూల చుట్టూ మెలి తిరుగుతుంది. రెండోది, ఎప్పుడైనా బ్యాంకు ఖాళీ చేస్తే మిగతా బిల్డింగ్ కదలకుండా ఆ గదిని కోసి తీసేయొచ్చు. ఖాళీ చేయరులే అనుకోకండి. 1923లో పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకే 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకులు కలిసినప్పుడు ఒకే వీధిలో రెండు బ్రాంచిలుంటే ఒకటి మూతపడటం మామూలే.

ఎత్తు, ర్యాంపు, నీళ్లు: అసలు ముడి ఇక్కడుంది

బేస్‌మట్టం, అంటే రోడ్డు నుంచి గ్రౌండ్ ఫ్లోర్ నేల, ఎంత ఎత్తు పెట్టాలి? ఇరుకు స్థలంలో అన్నిటికన్నా ఎక్కువ సేపు ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

నీళ్లు ఎత్తుగా కట్టమంటాయి. గట్టి వానొస్తే మూడు వంతెనల దగ్గర రైలు పట్టాల కింది దారి ఏమవుతుందో గుంటూరులో అందరికీ తెలుసు. పీకలవాగు పొంగితే ఏయే వీధులు మునుగుతాయో కూడా తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ అన్నది లేకుండా పోయింది. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన లాకర్ల నిబంధనల్లో, వాన నీళ్లు, వరద నీళ్లు లాకర్లలోకి చేరకుండా ఆ చోటు ఉండాలని స్పష్టంగా రాశారు. కాబట్టి సెల్లార్‌లో లాకర్లు అన్న ఆలోచన మొదట్లోనే కొట్టేయండి.

ర్యాంపు తక్కువ ఎత్తు చాలంటుంది. చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు పన్నెండుకి ఒకటి మించకూడదు. అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మూడడుగుల ఎత్తు కడితే 36 అడుగుల ర్యాంపు కావాలి. మన ముఖం మొత్తం 24 అడుగులు! ఇక్కడే చాలామంది చేతులెత్తేసి, వాలు నిట్టనిలువుగా పెట్టి, "ర్యాంపు ఉంది" అనిపించుకుంటారు. ఆ ర్యాంపు మీద కుర్చీ కాదు కదా, పెన్షన్‌కి వచ్చిన ముసలాయన కర్ర కూడా నిలవదు. అంతకన్నా ర్యాంపు లేదని ఒప్పుకోవడం నయం.

లెక్క తిరగేయండి. ముఖం 24 అడుగులు. పై చివర తలుపు ముందు కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును కావాలి. మిగిలింది 19. ప్రహరీ దగ్గర అడుగు వదిలితే 18 అడుగుల ర్యాంపు, అంటే 18 అంగుళాల ఎత్తు. రోడ్డుకి సమాంతరంగా, ముఖం పొడవునా, నాలుగడుగుల వెడల్పుతో, రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు రెయిలింగ్‌తో. ఈ స్థలం మోయగలిగిన బేస్‌మట్టం అంతే. ముఖం కొలతే ఎత్తు తేల్చిందన్నమాట. ముందు సెట్‌బ్యాక్‌లో ర్యాంపు కుదరదని మీకు చెబితే, దాన్ని లోపలికి తీసుకుని ఏటీఎం పక్కన మడత పెట్టాలి. అప్పుడు హాలు కొంత తగ్గుతుంది, తప్పదు.

18 అంగుళాలు మీ వీధికి చాలుతుందా? ఆ వీధిలో పాతకాపులని, టీ కొట్టు ఆయన్ని అడగండి, నీళ్లు ఎందాకా వచ్చాయో గోడ మీద చూపిస్తారు. ఆ గుర్తుకి లెవెల్ తీయించండి. కొలత రోడ్డు మధ్య నుంచి తీయాలి, అంచు నుంచి కాదు. ఇంకో సంగతి, మన ఊళ్లలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. ఈరోజు 18 ఉన్నది కొన్నేళ్లకి 12 అవుతుంది. కొత్త రోడ్డు పడకముందే తవ్వి వేయమని వార్డు ఆఫీసులో అడగడం మీ వంతు.

మిగతా రక్షణ లోపల తెచ్చుకోండి. లాకర్ క్యాబినెట్లు, బంగారం పెట్టే ఇనప్పెట్టె నేల మీద కాకుండా అడుగెత్తు కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టండి. రోడ్డు నుంచి రెండున్నర అడుగులవుతుంది. దిమ్మె మీద పెడితే పై వరస అందదు కాబట్టి పొట్టి క్యాబినెట్లు అడగండి. ప్లగ్గులన్నీ మూడడుగుల పైన. యూపీఎస్, బ్యాటరీలు, సర్వర్ ఎలాగూ పై అంతస్తులో ఉన్నాయి. బ్యాటరీల బరువు స్లాబ్ డిజైన్‌లో చేర్చారో లేదో మాత్రం అడగండి. మెయిన్ తలుపు గడప దగ్గర, వాన రోజుల్లో పలకలు దించేందుకు రెండు పక్కలా గాడి పెట్టించండి. ఖర్చు చాలా తక్కువ, కానీ ఎవరూ చేయరు.

డబ్బు నడిచే దారి

క్యాష్ వ్యాన్ ఆగే చోటు నుంచి స్ట్రాంగ్ రూమ్ దాకా ప్లాన్ మీద పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీత వెయిటింగ్ కుర్చీల మధ్య నుంచి పోతుంటే ప్లాన్ తప్పు. మన స్థలంలో కౌంటర్లన్నీ ఎడమ గోడ వెంట వరసగా పెట్టి, వాటి వెనక సిబ్బంది దారి వదిలితే, ముందు నుంచి వెనక గది దాకా అది తిన్నగా పోతుంది. క్యాష్ కేబిన్ ఆ వరసలో చివరిది, స్ట్రాంగ్ రూమ్ తలుపుకి దగ్గర్లో.

రోడ్డు మీద వ్యాన్ ఆగాలంటే ఆ చోట బళ్లు ఉండకూడదు. కానీ ఉంటాయి. మన జనం బండిని కౌంటర్ దాకా తీసుకెళ్లే వీలుంటే తీసుకెళ్తారు. గేటు దగ్గర వ్యాన్ పట్టే చోటుకి మడిచే ఇనప స్తంభాలు పెట్టి, తాళం గార్డు దగ్గర ఉంచమనండి.

స్ట్రాంగ్ రూమ్‌కి ఒక్కటే తలుపు కాబట్టి లోపల గ్రిల్‌తో రెండు భాగాలు చేయాలి. లాకర్‌కి వచ్చినావిడకి క్యాష్ కనపడకూడదు, క్యాషియర్‌కి ఆవిడ నగలు కనపడకూడదు. రాకపోకల సీసీ కెమెరా రికార్డు కనీసం 180 రోజులు ఉంచాలన్నది కూడా ఆ లాకర్ నిబంధనల్లోదే. ఆ రికార్డర్ హాల్లో కాక పైన తాళం వేసిన చోట ఉండాలి.

హాలు

పొడవు 46లో వెనక 14, ముందు ఏటీఎం, లాబీకి 10 పోతే 22 అడుగులు మిగులుతాయి. వెడల్పు 18. అందులో కౌంటర్లకీ సిబ్బందికీ 8, జనానికి 10. మేనేజర్ గది కుడి పక్క వెనక, మెట్ల ముందు, 8 × 9 చాలు, నడుము ఎత్తు నుంచి పైకి అద్దం.

ఇక్కడ ఎవరు కూర్చుంటారో ఆలోచించండి. మిర్చి సీజన్‌లో యార్డు నుంచి వచ్చే రైతు ఒంటరిగా రాడు, ఇద్దరు ముగ్గురు కలిసొస్తారు. డబ్బు డ్రా చేసుకునే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, బంగారం లోను పని అవదు. అందుకే పది కుర్చీలు క్యాష్ దగ్గర వేసి బంగారం కౌంటర్ దగ్గర రెండే వేయడం తలకిందుల లెక్క.

అప్రైజర్ (బంగారం పరీక్షించి విలువ కట్టే ఆయన) బల్ల గురించి కొంచెం పట్టింపుగా ఉండండి. గీటురాయి మీద గీత చూడాలంటే మంచి వెలుతురు కావాలి. ఎలక్ట్రానిక్ కాటా మీదకి ఫ్యాన్ గాలో ఏసీ గాలో తగిలితే అంకె నిలవదు. కాబట్టి ఏసీ ఎదురుగా వద్దు, నెత్తిన ఫ్యాన్ వద్దు. మెడలోంచి గొలుసు తీసి ఇచ్చేవాళ్లు రోడ్డు మీద జనానికి కనపడకుండా ఒక అడ్డు తెర. కెమెరా కాటా మీదకే చూడాలి. ఇవన్నీ ఐదడుగుల చదరంలో ఇముడుతాయి.

పక్క గోడలకి ఏడడుగుల పైన, గ్రిల్ వేసిన పొడవాటి వెంటిలేటర్ పట్టీలు పెడితే హాలు మధ్యలో పగలు లైటు అక్కర్లేదు. తూర్పు ముఖం అద్దం పొద్దున పూట మాత్రం ఇబ్బంది పెడుతుంది, పైన మూడడుగుల చజ్జా ఇస్తే కొంత తగ్గుతుంది. పడమర ముఖం స్థలం అయితే నేల నుంచి కప్పు దాకా అద్దం అన్న ఆశ వదులుకోండి. మే నెల సాయంత్రం గుంటూరులో ఆ హాల్లో ఏ ఏసీ నిలవదు.

ఏటీఎం 7 × 8 చాలు. తలుపు అదే ర్యాంపు చదును మీదకి తెరుచుకోవాలి. ఏటీఎంకి విడిగా రెండు మెట్లు పెట్టి ర్యాంపు బ్యాంకుకే ఇవ్వడం మన ఊళ్లో చాలా చోట్ల కనిపిస్తుంది, బ్యాంకు మూసేశాక ఆ ర్యాంపు ఎవరికి? డబ్బు నింపేది బ్రాంచి లోపలి వైపు నుంచి అయితే మంచిది. కస్టమర్లకి ఒక టాయిలెట్ కూడా ముందు లాబీ దగ్గరే ఇవ్వండి.

చిన్నవే గానీ మర్చిపోతే గొడవ

ఎర్తింగ్ గుంతలకి మట్టి నేల కావాలి. యూపీఎస్‌కి వేరు, కరెంటుకి వేరు. సెట్‌బ్యాక్ అంతా పార్కింగ్ టైల్స్ వేసేశాక గుర్తొస్తే మళ్లీ పగలగొట్టాలి. జనరేటర్ పొగ పక్కింటి కిటికీలోకి పోకుండా గొట్టం డాబా పైదాకా తీసుకెళ్లండి. పైన మీరే ఉండాలనుకుంటే మీ మెట్లు బయట నుంచి విడిగా ఉండాలి, బ్యాంకులోకి ఏ తలుపూ ఉండకూడదు. అలాంటప్పుడు 828లోనే బ్యాంకు ఇమడాలి, చాలా బ్యాంకులు ఒప్పుకోవు.

పని వరస

పునాది, స్ట్రాంగ్ రూమ్ నేల, గోడలు, ఆ తర్వాతే మిగతా ఫ్రేమ్. గోడలు ఆపకుండా ఒకేసారి పోయించండి. రాడ్డు కట్టాక బ్యాంకు ఇంజినీరు వచ్చి చూసి ఫోటోలు తీసుకునేదాకా సెంట్రింగ్ మూయొద్దు, మూసేస్తే పగలగొట్టి చూపించమనే హక్కు ఆయనకుంది. తలుపు చట్రం, వెంటిలేటర్ చట్రం పోత కంటే ముందే సైట్‌కి రావాలి, తర్వాత రంధ్రం చేసి బిగిస్తామంటే కుదరదు. తలుపు రెక్క చాలా బరువు, మనుషులు మోసేది కాదు. అది వచ్చే రోజుకి ర్యాంపు రెయిలింగ్, ముందు అద్దాలు, లాబీ గోడ ఏవీ కట్టి ఉండకూడదు. రోడ్డు నుంచి వెనక గది దాకా ఆరడుగుల దారి ఖాళీగా, నేల గట్టిపడి ఉండాలి. టైల్స్ ఆ తర్వాతే పరిపించండి.